తాబేలు గుడ్ల ఎత్తు

"పడవ మూతి ఎటు తిప్పమంటావు పిన్నీ?" అని పడవవాడు గేనాలాల్ అడిగి చాలాసేపే అయింది. తేతరి ఇంకా బదులు చెప్పలేదు. ఆమె కింద ఆమె ఇల్లే ఉంది. అవును, ఇల్లే. రెండు నిట్టాడులు, ఊడదీసిన వాసాలు, చుట్టచుట్టిన తడికలు, కప్పులో కుళ్ళని రెల్లంతా ఏరి కట్టిన మోపులు, ఎత్తుకుపోయే మట్టి పొయ్యి, అన్నీ పడవ నిండా పేర్చి, పైన గోనె పరిచి, ముసలిదాన్ని దాని మీద కూర్చోబెట్టాడు కొడుకు ఉపేందర్. లోకంలో జనం ఇంటి లోపల కూర్చుంటారు, తాము ఇంటి మీద కూర్చుని ఏరు దాటుతున్నాం అనుకుంది తేతరి, అనుకుని నవ్వబోయింది గానీ నవ్వుకు కూడా ఒంట్లో ఓపిక ఉండాలి కదా. వెనక, పొద్దున దాకా తాము బతికిన లంక విరిగి పడుతున్న చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది, దబ్బున ఒకటి, కాసేపాగి ఇంకొకటి, ఎవరో గోతాలు దింపుతున్నట్టు. వానాకాలంలో పొంగినప్పుడు ఈ కోసీ ఏరు ఒడ్లు కోయదు, ఆశ్వయుజంలో నీళ్ళు తీసేటప్పుడే కోస్తుంది. వచ్చేటప్పుడు చుట్టంలా వచ్చి పోయేటప్పుడు దొంగలా పోతుంది. "రెల్లు ముక్కు దాకా ఏరే మోసుకుపోద్ది, తెడ్డుతో పని లేదు," అన్నాడు గేనాలాల్ చుక్కాని దగ్గర నించి, "అక్కడ మూడు పాయలౌతుంది. అక్కడికి పోయేలోగా నువ్వు చెప్పకపోతే కోసీయే తేల్చేస్తుంది, తర్వాత నన్ననొద్దు." ఎడమ పాయలో పోతే తూర్పు కరకట్ట, వాడ వాడంతా నిన్ననే అక్కడికి పోయి కట్ట వాలు మీద పాకలు వేసుకుంది. నడిమి పాయలో ఈ ఏడే కొత్తగా తేలిన ఇసుక మేట, దాని కింద ఎక్కడో తమ మునిగిన సొంతూరు పర్సాహీ పొలాలు పడుకుని ఉన్నాయి. కుడి పాయలో కమ్రాడీహ్, కూతురు బతాసియా అత్తవారి ఊరు. రెల్లు ముక్కు ఎంత, గంట దూరం. గంటలో చెప్పాలి. మిగిలిన రోజులు ఎన్నున్నాయో ఏమో, అవన్నీ ఎక్కడ వెళ్ళబుచ్చాలో గంటలో చెప్పాలి.

పదకొండు సార్లు. పదకొండు సార్లు ఇల్లు విప్పి ఇల్లు కట్టింది తేతరి. సంవత్సరాలు ఆమెకు గుర్తుండవు, ఏ సారి ఏది మునిగిందో అది గుర్తుంటుంది. తిరగలి మునిగిన సారి, ఎర్రావు తాడు తెంచుకుని వెనక్కి ఈదుకుంటూ పోయిన సారి, మామగారి మంచం తేలిపోతుంటే ఆయన ఒడ్డున నిలబడి "పోనీ, నాకంటే ముందు అదే పోనీ" అన్న సారి. మెట్టూళ్ళవాళ్ళకు కాపురమంటే ఒకచోట కూర్చోవడం. ఏటివాళ్ళకు కాపురమంటే ముడి వేయడం, ముడి విప్పడం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, తమకు ముందూ వెనకా కూడా ఏరే. చిన్నప్పుడు ముడి విప్పేటప్పుడు పాటలు పాడేవాళ్ళు ఆడవాళ్ళంతా. కోసీ పెళ్ళికాని పిల్లట, సిందూరం చూపిస్తే ఎక్కడ పెళ్ళి చేస్తారోనని బెదిరి అవతలికి పారిపోతుందట. ఆ మాట నమ్మి ఎన్నిసార్లు ఒడ్డున వరసగా నిలబడ్డారో, భరిణెలు తెరిచి పట్టుకుని! ఒకసారి అలా నిలబడితే పాదాల కింద గట్టే జారింది, అందరూ కెవ్వున వెనక్కి దూకారు. తేతరి తోటికోడలు సుఖపూర్‌వాలీ చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ, "పెళ్ళంటే పారిపోయేది మన కాలం పిల్ల అక్కా, దీనికి పెళ్ళి సరదా పుట్టినట్టుంది, ఏకంగా ఇంట్లోకే వచ్చేస్తోంది," అంది. ఎంత నవ్వారో ఆ వేళ, ఇల్లు పోతుంటే ఎవరైనా అంత నవ్వుతారా. అవి సుఖపూర్‌వాలీ తనతో మాట్లాడే రోజులు.

"అత్తా, కట్ట మీదికే పోదాం," అంటోంది కోడలు బేలాహీవాలీ, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని. ఆ పిల్లకు పేరు లేక కాదు. పుట్టింటి ఊరు బేలాహీ, కాబట్టి అత్తింట బేలాహీవాలీ. ఇక్కడ కోడలై వచ్చిన ఏ ఆడదానికైనా అంతే, వదిలేసి వచ్చిన ఊరే పేరవుతుంది. తేతరి కూడా తన వాడలో మధురావాలీయే. ముగ్గురు మగపిల్లల వెనక పుట్టిందని అమ్మానాన్నా పెట్టుకున్న తేతరి అనే పేరు పదమూడో ఏట పందిట్లో పోయింది, మధురా అనే ఊరేమో ఆ మరుసటి ఏడే ఏట్లో పోయింది, అయినా అరవై ఏళ్ళుగా మధురావాలీ, మధురావాలీ అని పిలుస్తూనే ఉన్నారు. లేని ఊరి మనిషిని అనుకుంటుంది అప్పుడప్పుడు. "కట్ట మీద మనోళ్ళంతా ఉన్నారు. రోడ్డుంది, సంతుంది," అంటోంది బేలాహీవాలీ.

"కట్ట మీద ఏముందే? పైన లారీలు, కింద ఏరు, మధ్యలో మన మంచం," అన్నాడు ఉపేందర్. "నిద్దట్లో అటు దొర్లితే చక్రం కింద, ఇటు దొర్లితే మొసలి నోట్లో. కమ్రాడీహ్‌లో బడుంది, పంపుంది. ఒడ్డు మెట్టంతా తనదే, ఎక్కడ కావాలంటే అక్కడ పాకేసుకోండని బావే నోరు తెరిచి చెప్పాడు. నేను కోతలకి పంజాబ్ పోతే మిమ్మల్ని చూసేవాళ్ళుంటారు."

"చూస్తారు, ఎందుకు చూడరు! ఆడపడుచు నీడన చేరామంటే ఊరు ఊరంతా చూస్తుంది, ముక్కు మీద వేలేసుకుని."

"వేళ్ళేగా, వేసుకోనీ. వాళ్ళ ముక్కు, వాళ్ళ వేలు."

గేనాలాల్ కిసుక్కున నవ్వాడు. "అది సరేరా, మరి పిన్ని నీళ్ళెక్కడ తాగుతుంది? కూతురి ఊరి నీళ్ళు ముట్టదుగా. రోజూ అవతలి ఒడ్డు నించి నేనో కుండ మోసుకురావాలా?"

"తెచ్చిపెట్టు అన్నా, కుండకో చేప ఇస్తాలే."

"చూడు పిన్నీ, జాలరోడికి చేప లంచమిస్తాడంట నీ కొడుకు!"

తేతరికి ఆ మాటలన్నీ అవతలి ఒడ్డున ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపించాయి. కూతురి ఊళ్ళో నీళ్ళు ముట్టకూడదు. పిల్లనిచ్చిన ఊరు అది, ఇచ్చిన చోట తిరిగి చెయ్యి చాపకూడదు, బావి నీళ్ళు తాగినా పుచ్చుకోవడం కిందికే వస్తుంది. తేతరి అత్తింటి ఒడ్డుకి వాళ్ళమ్మా వచ్చి చెంబు ముట్టకుండానే పోయేది, అమ్మమ్మా అంతే. ఈ కాలంలో ఎవరు పాటిస్తున్నారమ్మా అంటాడు ఉపేందర్. పాటించేవాళ్ళు పాటిస్తున్నారు. తేతరి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పాటిస్తోంది, అవసరమైనదానికంటే ఎక్కువే పాటిస్తోంది, ఎందుకు పాటిస్తోందో తన మనసుకు తెలుసు. ఆ మాట వద్దు. ఇప్పుడొద్దు. నీళ్ళ వంక చూసింది. బురద రంగు నీళ్ళలో ఎవరిదో తడిక తేలిపోతోంది, దాని మీద ఒక కప్ప, మహారాజులా. దానికి ఎటు పోవాలో ఎవరూ అడగరు.

నడిమి పాయకే పొమ్మంటే? పోయినాయన కోరిక అదే. ఉపేందర్ నాన్న చివరి నెలలో పదే పదే అదే మాట, మన భూమి ఎక్కడికీ పోలేదే, పడుకుంది, లేస్తుంది, లేచినప్పుడు మనవాళ్ళెవరూ అక్కడ లేకపోతే ఇంకెవడో గుంజ పాతేస్తాడు. ఆయనకు మునిగిన పొలం గట్లు కూడా కంఠస్థం. పడవలో పోతూ పోతూ, ఇదిగో ఇక్కడ మన మామిడి, ఇక్కడ మా పెదనాన్న కళ్ళం, అని నీళ్ళకేసి చూపించేవాడు, చేపలకు తప్ప ఎవరికి కనిపిస్తాయి అవి. ఆ పొలం ఇప్పుడు నిజంగానే లేచింది. మొన్న ఉపేందర్ పోయి చూసొచ్చాడు, వట్టి తెల్ల ఇసుక, రెల్లు కూడా మొలవలేదు. రెల్లు మొలవాలి, అది రెండేళ్ళు కుళ్ళాలి, దాని మీద ఒండ్రు పడాలి, అప్పటికి గాని పుచ్చ తీగైనా పాకదు. మూడేళ్ళు ఇసుక నమిలి కూర్చోవాలి. ముప్ఫై ఏళ్ళ మనిషైతే కూర్చుంటుంది. నువ్వు పడుకున్నావు కదయ్యా, హాయిగా, ఆ భూమి లాగే, అనుకుంది తేతరి, భర్త మీద కోపం కూడా రాలేదు, కోపానికీ ఓపిక కావాలి. నువ్వు చెప్పడం వరకే. చోటు చూసి పెట్టడం ఎప్పుడూ నా వంతే.

అవును, ఆ రోజుల్లో వాడ వాడంతా తేతరి వంతే అనేది. మగవాళ్ళు కర్రలు పట్టుకుని గట్టున నిలబడి వాదించుకున్నా, చివరికి "మధురావాలీని అడగండి" అనేవాళ్ళు పెద్దవాళ్ళు. మధురాలో అమ్మమ్మ నేర్పిన విద్య అది. మట్టి పిడికిట్లో పిసికి వాసన చూడటం, నక్క బొరియ ఎటు తెరుచుకుందో చూడటం, అన్నిటికీ మించి తాబేలు. మాఘ ఫాల్గుణాల్లో తాబేలు ఇసుక వాలు ఎక్కి గుడ్లు పెట్టి పోతుంది. రాబోయే వరద ఎంత ఎత్తు వస్తుందో దానికి ముందే తెలుస్తుందనీ, తన గుడ్లను తానే ముంచుకునే తల్లి ఉండదనీ అమ్మమ్మ చెప్పేది. గుడ్లు ఎక్కడుంటే దానికి పైన గుంజ పాతు, నిద్రపో. వెదురు పుల్లతో ఇసుకను పొడుచుకుంటూ పోవాలి, మెత్తగా దిగిన చోట ఆగి చేత్తో తవ్వాలి. ఎన్నిసార్లు తవ్వింది, ఎన్ని ఏళ్ళు వాడ నిద్రపోయింది! ఆ ఏడు కూడా అలాగే తవ్వింది. బతాసియాకు ఎనిమిదేళ్ళు అప్పుడు. వాలు మీద బాగా పైన, గడ్డి మొదలయ్యే చోట పుల్ల మెత్తగా దిగింది, తవ్వితే నిమ్మకాయలంత తెల్లటి గుడ్లు, తొమ్మిది. తేతరి మనసులో ఒక్క క్షణం ఏదో గుచ్చుకుంది, ఇంత పైనా అని, ఈ ఏడు ఇంత పెద్ద నీరా అని. మళ్ళీ అనుకుంది, తాబేలు కంటే నాకెక్కువ తెలుసా. గుడ్ల మీద ఇసుక కప్పి, దానికి పది బారల పైన మడమతో గీత గీసి, ఇక్కడే అంది. పద్దెనిమిది ఇళ్ళు లేచాయి ఆ గీత పొడవునా. అవతల ఇంకా ఎత్తైన దిబ్బ ఉన్నా ఎవరూ పోలేదు. నీళ్ళకు దూరం ఎందుకు, మధురావాలీ చూసింది కదా అన్నారు.

శ్రావణంలో వచ్చాయి నీళ్ళు. గీత దాటాయి, గడప దాటాయి, మంచం కోళ్ళు దాటాయి. ఎవరూ పడవలు దగ్గర పెట్టుకోలేదు, గుడ్లు అంత పైనుండగా పడవెందుకని. సుఖపూర్‌వాలీ చంటిది, లాలో, రెండేళ్ళది, అటక మీద పడుకోబెట్టారు, అటక ఒరిగింది. ఇంతే. ఇంతకంటే తేతరి ఎప్పుడూ లోపలికి పోదు, ఆ అటక దగ్గరే ఆగిపోతుంది. మరునాడు దిబ్బ మీద, తడి చీరలతో, సుఖపూర్‌వాలీ ఏడవలేదు, తిట్టలేదు, తేతరి మొహంలోకి చూసి, "గుడ్లు చూశావా అక్కా? నిజంగా చూశావా?" అంది. చూశానే, ఈ చేతుల్తో తవ్వానే, అంది తేతరి. "సరే" అంది సుఖపూర్‌వాలీ. ఆ సరేతో అయిపోయింది, ముప్ఫై ఎనిమిదేళ్ళు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పక్కకు జరిగి దారి ఇస్తుంది, పండగకు పిండివంట పిల్లల చేత పంపిస్తుంది, మాట మాత్రం లేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఆ ఏటి నించి వాడ తేతరిని చోటు చూడమని అడగడం మానేసింది. ఎవరూ పైకి ఒక్క మాట అనలేదు, అడగడం మానేశారు, అంతే. తాబేలుకే మతి పోయింది, కాలం మారింది అని సర్దిచెప్పిన ముసలాయన కూడా చెప్పేటప్పుడు తన వైపు చూడలేదు.

పడవ కాస్త ఊగింది, బేలాహీవాలీ మేక తాడు గట్టిగా పట్టుకుని, "ఏమయ్యో, మెల్లిగా! ఈ పడవలో సామానొక్కటే లేదు, మనుషులూ ఉన్నారు," అంది. "సామానుకి నోరుండదు, అందుకే దాన్నే ఎక్కువ ఇష్టపడతా," అన్నాడు గేనాలాల్. ఏటి మీద ఎండ మాగి రాగి రంగుకు తిరుగుతోంది. తేతరికి కళ్ళు మూతలు పడుతున్నాయి, పడితే వినిపించేది ఒకటే ఏడుపు, అందుకే తెరిచి పెట్టుకుంది, అయినా వినిపిస్తోంది.

బతాసియా పెళ్ళి, పెట్టె పడవలోకి ఎక్కించారు, అప్పగింతల ఏడుపు. ఏ పిల్లయినా ఏడుస్తుంది, ఒక్కొక్కరినే కౌగిలించుకుని రాగం తీసి ఏడవాలి, ఏడుపులోనే అన్ని మాటలూ చెప్పాలి, అమ్మా నా బొమ్మల పిడత ఎవరికిస్తావే, నాన్నా నన్నెందుకు ఏరు దాటిస్తున్నావే, అని. బాగా ఏడ్చిన పిల్లకు పేరొస్తుంది. బతాసియా తల్లి మెడ పట్టుకుంది, చెవి దగ్గర నోరు పెట్టింది, అదే రాగంలో, అదే సాగదీతలో, "గుడ్లు తడిసిపోతాయని నేనే పైకి మార్చానే అమ్మా, కింద పెట్టింది తాబేలు, పైన పాతింది నేనే అమ్మా, లాలోని నేనే ముంచానే అమ్మా," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ, పాపం ఏడుపులో ఏదేదో అంటోంది పిచ్చిది, అన్నారు. ఏడేళ్ళు కడుపులో పెట్టుకుందా పిల్ల. ఏడుపుకు మాత్రమే చెల్లే చోటు చూసుకుని, ఎవరికీ అర్థం కాని రాగంలో పెట్టి, తల్లి ఒక్కదాని చెవిలో వదిలింది. తల్లి ఏం చేసింది? తల్లి కూడా రాగం తీసి ఏడవాలి, బదులు చెప్పాలి, అది పద్ధతి. తేతరి మెడ మీంచి ఆ చేతులు విడదీసింది. "పద, పొద్దు పోతోంది," అంది. పడవ కదిలింది. పసుపు చీరలో ఆ పిల్ల మొహం తన వైపే తిరిగి, చిన్నదై, చిన్నదై, చుక్కైపోయింది.

తర్వాత ఎన్ని రాత్రులు అనుకుందో, ఆ ఒక్క వాక్యం అనకుండా ఇంకేదైనా అని ఉండవలసింది. పోనీ తర్వాతైనా అని ఉండవలసింది. బతాసియాకు తొలి కాన్పు అయినప్పుడు పోయింది కమ్రాడీహ్ రేవుకి. పడవలోంచి దిగలేదు. ఇంటి నించి మూట కట్టుకుపోయిన అటుకులు నమిలి, ఏటి నీళ్ళు దోసిట పట్టుకు తాగింది, ఏటి నీళ్ళు ఏ ఊరివీ కావు కనక. మనవడిని పడవలోకే తెచ్చి చూపించారు. బతాసియా మోకాలి లోతు నీళ్ళలో ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడింది, తల్లి తాగదని తెలుసు, తెలిసీ పట్టుకుని నిలబడింది. వియ్యపురాలు మెచ్చుకుంది, మీ అమ్మది ఎంత ఆచారమే, అని. ఆచారమా! ఒడ్డుకి దిగితే కూతురు పక్కన కూర్చుంటుంది, కూర్చుంటే మాట వస్తుంది, మాట వస్తే ఆ మాట వస్తుంది. చెంబు ముట్టను అనడం తేలిక. పెద్దలు పెట్టిన గోడ చేతికందేలా ఉంది, దాని వెనక నక్కింది తేతరి, ముప్ఫై ఒక్క ఏళ్ళు. కూతురు ఏడాదికి ఒకసారి పుట్టింటికి వచ్చేది, వంట చేసేది, తల దువ్వేది, ఇద్దరూ బియ్యం గురించి, పేల గురించి, ఆవుల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

సుఖపూర్‌వాలీకి చెప్పనూ లేదు. నాలుక చివరి దాకా వచ్చిన రోజులున్నాయి. అది పక్కకు జరిగి దారి ఇచ్చినప్పుడల్లా, నేను కాదే, నా చూపు తప్పు కాదే, నా కూతురు చేసిందే అని అరవాలనిపించేది. మింగేది. కూతురిని కాపాడటానికే మింగానని అనుకునేది, కానీ ఎనిమిదేళ్ళ పిల్ల గుడ్లు తడుస్తాయని జాలిపడి పైకి మారిస్తే, అది ఇంత తప్పా, చెప్పకూడనంత తప్పా? కట్ట మీద ఇప్పుడు సుఖపూర్‌వాలీ పాక ఉంది. ఎడమ పాయలో పోతే తమ పాక దాని పక్కనే వస్తుంది, చోటు అంతే ఉంది అక్కడ, తడికకు తడిక. రోజూ ఆ దారి ఇవ్వడాన్ని చూడాలి, ముసలితనంలో, నీళ్ళ కోసం లేచినప్పుడల్లా. చూస్తుంది, చూడలేక కాదు, అలవాటే. అలసట అదే, దేన్నైనా అలవాటు చేసుకోగలనని తెలియడమే అలసట. ఒక్కసారి, ఈ ఒక్కసారి, ఎవరైనా వచ్చి, నువ్వు లేవొద్దు, కూర్చో, చోటు మేం చూశాం అంటే బాగుండును. వాడ అడగడం మానేసినా ఇంట్లో మానలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన, ఆయన పోయాక కొడుకు, ఇప్పుడు ఈ పడవవాడు కూడా. ఎటు పిన్నీ, ఎటు అమ్మా, ఎటు అత్తా. తను ఎటంటే అటు మనుషులు మునిగిపోతారని వీళ్ళకు తెలియదా?

"ఇదిగో రెల్లు ముక్కు," అన్నాడు గేనాలాల్, ఈసారి వేళాకోళం లేకుండా. తెడ్డు నీళ్ళలో దింపి పడవను అడ్డంగా ఆపి పట్టుకున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి. "చెప్పు పిన్నీ. ఎక్కువసేపు పట్టలేను."

తెల్లటి రెల్లు పూలు గాలికి ఒక్కసారిగా అటూ ఇటూ వాలాయి. ఎడమ వైపు దూరంగా కట్ట మీద లారీ దుమ్ము, పాకల మీద నీలం పట్టాలు. ఆ పాకల్లోకి నిన్న చేరిన తమవాళ్ళను రోడ్డు మీద పోయేవాళ్ళు అప్పుడే కట్టోళ్ళు అంటున్నారట, ఉపేందర్ విని వచ్చాడు. పర్సాహీ అన్న మాట అక్కడ ఎవరికీ పట్టదు. నడుమ ఇసుక, వట్టి ఇసుక, దాని మీద కొంగలు. కుడి పక్కన, చాలా దగ్గరగా, ఇంత దగ్గరని తేతరి అనుకోలేదు, కమ్రాడీహ్ రేవు. రేవులో గిన్నెలు తోముతున్న ఎవరో ఆడమనిషి నడుం మీద చెయ్యి పెట్టుకుని పడవను చూసి, మెట్ట మీదికి తిరిగి గొంతెత్తి అరిచింది.

"ఓ పర్సాహీవాలీ! పర్సాహీవాలీ! ఎక్కడ చచ్చావే? మీవాళ్ళు ఇల్లెత్తుకుని వచ్చేశారు!"

తేతరి ఆ పేరు విని, ఎవరిని అంటున్నారా అని ముందు అటూ ఇటూ చూసింది. తర్వాత తెలిసింది. బతాసియాను. కోడలిని వదిలేసి వచ్చిన ఊరి పేరుతోనే కదా పిలుస్తారు. తనకు తెలియనిది కాదు, ఎప్పుడూ రేవు దాటి లోపలికి రాలేదు కనక చెవిన పడలేదు. ఏట్లో ఎప్పుడో కరిగిపోయిన ఊరిని ఈ ఒడ్డున ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, పొద్దున లేస్తే, బిందె ఇవ్వవే పర్సాహీవాలీ, పొయ్యి రాజేశావా పర్సాహీవాలీ, అని నోరారా పిలుస్తున్నారు. తమ ఊరు ఇక్కడ గిన్నెలు తోముతోంది, పిల్లల్ని కంటోంది, తిట్లు తింటోంది. తను మాత్రం ఆ ఊరికి రాకుండా పడవలో కూర్చుని అటుకులు నమిలింది.

"కుడికి," అంది తేతరి.

"అమ్మా?" అన్నాడు ఉపేందర్.

"కుడికని చెప్పానుగా. చెవుడా?"

బేలాహీవాలీ అత్త మొహం చూసి, మేక మెడ నిమిరింది. "కుండల పని తప్పదిక నాకు," అని గొణుక్కుంటూ గేనాలాల్ తెడ్డు మార్చాడు.

రేవు దగ్గర పడేసరికి మెట్ట దిగి పరుగెత్తుకు వచ్చింది బతాసియా, చెయ్యి పిండితోనే. తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి దీనికి, ఎప్పుడొచ్చాయి? పడవ మూతి బురదలో కూరుకుంది. ఉపేందర్ దూకి తల్లిని రెండు చేతులా ఎత్తి దించాడు. తేతరి పాదం కమ్రాడీహ్ మట్టి మీద పడింది, చెయ్యి చాపి కూతురు భుజం పట్టుకుంది. బతాసియా ఆ చేతిని చూసింది. బిగించిన పెదాలు బిగించినట్టే ఉన్నాయి, ఎనిమిదేళ్ళ వయసు నాటివే.

గిన్నెల మనిషి ఊరుకుంటుందా! "మీ అమ్మ దిగింది చూశావా! ఇన్నేళ్ళకి కాలు కింద పెట్టింది. ఇక నీళ్ళు కూడా తాగించెయ్యి, ఏరు దాటిన గాడిద కూడా ఒడ్డు ఎక్కాక తాగుతుంది," అంది.

"తాగుతాలే, నీ చేతి గిన్నె మాత్రం వద్దు, అందులో బూడిదే ఎక్కువుంది," అంది తేతరి. ఆ మనిషి పకపకా నవ్వింది.

ఉపేందర్ అప్పటికే నిట్టాడు భుజాన వేసుకుని నిలబడ్డాడు. మెట్ట వాలు పొడుగునా ఖాళీయే, కింద తడి ఇసుక, నడుమ పచ్చగడ్డి, పైన వెదురు పొద. "ఎక్కడ పాతను అమ్మా? నువ్వు చూసి చెప్పు," అన్నాడు. అలవాటు కొద్దీ అన్నాడు. బతాసియా భుజం తేతరి చేతి కింద బిగుసుకుంది.

"నేను చూడను," అంది తేతరి. గట్టున ఉన్న బోర్లించిన పాత పడవ మీద మెల్లిగా కూర్చుంది, రెండు మోకాళ్ళూ పట్టుకుని. "అక్కను చూడమను. తడవని చోటు చూడటం దానికి చిన్నప్పటి నించీ తెలుసు. దాని చెయ్యి మంచిదే. ఏ రోజైనా మంచిదే. దాని పెళ్ళినాడే నేనా మాట చెప్పాల్సింది, చెప్పలేదు."

బతాసియా కదల్లేదు. పిండి చేతులు చీరకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. రాగం లేకుండా, చప్పుడు లేకుండా, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆడవాళ్ళందరూ చూస్తున్నారు, ఎందుకేడుస్తోందో ఎవరికీ అర్థం కాలేదు, తల్లి వచ్చింది కదా, ఏడవదా అనుకున్నారు. "అమ్మా, నేనా?" అంది చివరికి.

"నువ్వే. నాకు ఓపిక లేదు బతాసీ. వెళ్ళు, పొద్దు పోతోంది."

బతాసియా వెనక్కి తిరిగి ఎక్కడం మొదలుపెట్టింది. తడి ఇసుక దాటింది. గడ్డి దగ్గర ఆగి, వంగి, కాలి వేలితో మట్టి తాకి చూసి, తల అడ్డంగా ఊపి ఇంకా పైకి పోయింది. వెదురు పొద దగ్గర ఆగింది, అక్కడా కాదంది. నిట్టాడు మోస్తూ వెనక పోతున్న ఉపేందర్‌కు రొప్పొచ్చింది, కింది నించి చూస్తే ఇద్దరూ చిన్నగా కనిపిస్తున్నారు.

"ఇంకెంత పైకే అక్కా? నేపాల్ దాకానా?" అని అరిచాడు.

"పోనీరా," అంది తేతరి కిందనించి, వాడికి వినపడదని తెలిసీ. "ఎక్కనీ దాన్ని."